అరంగుళం

అరంగుళం అని అడిగితే
అరంగుళమే ఇచ్చారు.
ఇంటికొచ్చి కొలిస్తే
అందులో ఏ మూలా అరంగుళం లేదు.
లోపలి బోలు అంతకన్నా ఎక్కువ,
బయటి ఒళ్ళు ముప్పాతిక దాటింది.
పేరొకటి, ఒళ్ళొకటి.
ఇత్తడికి కూడా ఉంటుందా ఈ గుణం?

హ్యూన్ నది ఒడ్డున మా షెడ్డు.
టాస్మేనియా జూలైలో తలుపు బిగించినా
గాలి వాన వాసనతోనే లోపలికొస్తుంది.
కంప్రెసర్ ఆ గాలినే పట్టి
నొక్కి నొక్కి ట్యాంకులో కుక్కుతుంది.
తడిగుడ్డని పిండితే ఏమొస్తుంది?
అదే వచ్చింది.

బ్రామ్‌వెల్ కీస్ట్ మోటార్ సైకిల్ పెట్రోలు ట్యాంకుకి
మూడుసార్లు నీలం రంగు కొట్టాను.
మూడుసార్లూ చేపకళ్ళు లేచి
నన్నే చూశాయి.
"చేపలు కావాలని అడిగానా?"
అన్నాడతను, నవ్వకుండా.

అందుకే ఈ కూలర్.
తుక్కుకి పోయిన ఏదో కారు గేర్‌బాక్సుని
చల్లబరిచి చల్లబరిచి మసిబారిన రేకుల పెట్టె.
పంపులోంచి కాలుతూ వచ్చే గాలి
నీళ్ళన్నీ ఇందులో దించుకుని
ఒళ్ళు తుడుచుకుని ట్యాంకులోకి పోవాలి.
కాగితం మీద రెండు గీతలూ ఒక పెట్టె.
గీతకీ పెట్టెకీ నడుమ
వేలెడంత ఖాళీ.
ఆ వేలెడు కోసం
ఐదు శనివారాలు తిరిగాను.

పంపు అమెరికాది.
రాగి గొట్టం ఇక్కడిది.
కూలర్ ఎక్కడిదో
దాని మీద చెరిగిపోయిన అక్షరాలకే తెలియాలి.
ముగ్గురికీ కలిసిన భాష లేదు.
మధ్యలో నేను దుబాసీని,
చేతిలో పానా.

రెండు చుట్లు వేళ్ళతోనే తిరిగింది.
దొరికిందనుకుని
టీకి నీళ్ళు కూడా పెట్టాను.
మూడో చుట్టులో మొరాయించింది.
పానా వేశాను.
లొంగింది.
లొంగడమంటే ఒప్పుకోవడమనుకున్నాను.

తెల్లటేపు ఏడు వరసలు చుట్టి
సబ్బునురగ పూసి చూస్తే
పాలు తాగిన పసివాడి పెదవి మీద లాగా
బుడగ, బుడగ, ఇంకో బుడగ.
ఇంకాస్త బిగించాను.
ఇంకాస్త.
ఆ తర్వాత విన్న చప్పుడు గురించి
ఇక్కడ రాయను.

గీవ్‌స్టన్‌లో ఆల్విన్ పైబస్ కొట్టు.
ఏం కావాలని ఆయన అడగలేదు.
పగిలిన ముక్కని అటూ ఇటూ తిప్పి
చొక్కాజేబులోంచి
దువ్వెన లాంటి రేకు తీశాడు.
దాని పళ్ళు మర మీద ఆనించి
కిటికీకేసి పట్టాడు.
"వెలుతురు కనిపిస్తోందా, మెరిన్?"

కనిపించింది.
వెంట్రుకంత.

"అటూ అంగుళానికి పద్నాలుగు పళ్ళే,
ఇటూ పద్నాలుగే.
పంటికీ పంటికీ మధ్య లోయ ఉంది చూశావూ,
దాని వాలు వేరు.
ఒకటి యాభై అయిదు డిగ్రీలు, ఒకటి అరవై.
బొత్తిగా పరాయిదైతే
మొదటి చుట్టులోనే మొహం మీద చెప్పేసేది.
ఇది దగ్గరి చుట్టం.
పగిలేదాకా చెప్పదు."

కాగితం మిల్లులో ముప్పయ్యేళ్ళు పనిచేసినవాడు
అంతకన్నా ఎక్కువ మాట్లాడడు.
బిస్కెట్ల డబ్బా గల్లాబల్ల మీద బోర్లించి
వేలితో కెలికి కెలికి
ఒకటి ఏరాడు.
ఒక చివర ఆ దేశపు మర,
ఒక చివర ఈ దేశపు మర,
నడుము దగ్గర పానాకి ఆరు పలకలు.
"రెండు డాలర్లు.
పగిలింది ఇక్కడ వదిలెయ్,
ఎవరికైనా చూపించడానికి పనికొస్తుంది."

నాలుగు చుట్లు చేత్తోనే పోయి
ఐదోది మెల్లమెల్లగా,
నచ్చజెప్పించుకున్నట్టు బిగిసింది.
సబ్బునురగ పూశాను.
నురగ నురగలాగే ఉండిపోయింది.
మోటారు వేసి పావుగంట ఆగి
అడుగున కుళాయి తిప్పితే
తుప్పురంగు నీళ్ళు,
టీకప్పు నిండా.

ఇంత వానని
ఇన్నాళ్ళూ నీలంలో కలిపి
బ్రామ్‌వెల్ ట్యాంకు మీద కురిపించానన్నమాట.

రేపు నాలుగోసారి రంగు కొడదామనుకున్నాను.
దీపం ఆర్పబోతుంటే
కూలర్ అవతలి కొసన, సన్నగా,
ఉస్స్...

అది ఏ దేశానిదో.
శనివారం దాకా ఆగాలి.